బిడ్డకు తోడు నిలిచిన పెద్దలు

తెలుగువాడు దారిన పోవు క్రొత్తవానినైనను 'అన్నా' యనియో 'బాబాయి' యనియో పిలువక మాటాడలేడు. బస్సులో చోటడుగుటకైనను, బజారులో బేరమాడుటకైనను ముందొక చుట్టరికము కలుపుకొనుట మన అలవాటు. ఇట్లు నోటిమాటగా కలిసిన చుట్టరికమునకు బరువు తక్కువ. బస్సు దిగగనే అది తీరిపోవును. కాని 1904వ సంవత్సరమున న్యూయార్కు నగరమందు ఒక న్యాయస్థానపు ఉద్యోగి మాట విని సుమారు 40 మంది పురుషులు, తమకే రక్తసంబంధమును లేని పేదబాలురకు నిజముగనే అన్నలై యుందుమని పూనిక వహించిరి. ఆ పూనిక నుండి పెరిగిన సంస్థకు నేటికిని 'పెద్దన్నలు, పెద్దక్కలు' అనియే పేరు. పిలుపును మనము ఉగ్గుపాలతో నేర్చితిమి. ఆ పిలుపునకు తగిన పనిని ఒక పద్ధతిగా సాగించుటను వారు నేర్చిరి.

ఆ చరిత్రను ఇచట కొంత వివరింపదలచితిని. దయగల పెద్దలు పేదపిల్లలను చేరదీసిరి, పిల్లలు బాగుపడిరి అని రెండు ముక్కలలో ముగించుటకు వీలైన కథ కాదిది. దయతోనే చేసిన పొరపాటులు ఇందు పెక్కు కలవు. పరుల బిడ్డకు మేలు చేయవచ్చినవారు ఆ బిడ్డ తల్లిదండ్రులను ఏ దృష్టితో చూచిరి? వారిని ప్రక్కకు నెట్టిరా, వారి ప్రక్కన నిలిచిరా? ఈ ఒక్క ప్రశ్నను చేతబట్టుకొని చూచినచో దాదాపు నూట ఎనుబది సంవత్సరముల కథ తేటపడును.

మొదట కనుపించువాడు ఒక బూట్ల వ్యాపారి. అమెరికాలోని బోస్టను నగరమున జాన్ ఆగస్టస్ అనునాతడు బూట్లు కుట్టించు దుకాణము నడుపుకొనుచుండెను. 1841 ఆగస్టు నెలలో ఒకనాడు అతడు పోలీసు కోర్టులో కూర్చుండగా, త్రాగుబోతుతనమను నేరముపై ఒకనిని తెచ్చి నిలబెట్టిరి. శిక్ష పడుట నిశ్చయము. ఆగస్టస్ వానితో మాటలాడి, ఇక త్రాగనని వానిచేత మాట పుచ్చుకొని, న్యాయాధిపతి యెదుట తాను జామీను నిలిచెను. మూడు వారముల గడువు ఇచ్చిరి. గడువు తీరి తిరిగి వచ్చిన మనిషి తీరే మారిపోయి యుండెను. న్యాయాధిపతి ఖర్చులు గాక ఒక సెంటు మాత్రము జరిమానా వేసి వానిని విడిచిపెట్టెను.

నాటి నుండి 1859లో కన్నుమూయువరకు ఆగస్టస్ ఇదే తన ముఖ్యవృత్తిగా చేసికొనెను. 1858 నాటికి అతడు జామీను నిలిచినవారి సంఖ్య 1,946. జీతము లేదు, హోదా లేదు, కుర్చీ లేదు. పైగా ఒకనిని జైలుకు పంపినపుడెల్ల కోర్టు సిబ్బందిలో కొందరికి రుసుము ముట్టెడిది; ఈ బూట్ల వ్యాపారి వలన ఆ రాబడి పోవుచున్నదని వారు కన్నెఱ్ఱజేసిరి. ప్రపంచమున ఏ కచ్చేరి అయినను ఒక్కటే కదా అని ఈ ఘట్టము చదివినపుడు నాకు తోచినది.

మనకు కావలసిన సంగతి మరియొకటి. 1847లో అతడు 7 మొదలు 15 ఏండ్ల వయస్సు గల 19 మంది బాలురకు జామీను నిలిచెను. వారు బడికి పోవునట్లో, పనిలో కుదురుకొనునట్లో తాను చూతునని కోర్టునకు మాటయిచ్చెను. నిలువనీడ లేనివారికి తన యింటనే చోటిచ్చెను. నేడు న్యాయశాస్త్రమున 'ప్రొబేషను' అను పేర వ్యవహరింపబడు పద్ధతికి ఇదియే ప్రారంభము. మసాచుసెట్సు రాష్ట్రము 1878లో దీనిని చట్టము చేసి, బోస్టనులో జీతము గల ఉద్యోగిని నియమించెను. మన దేశమున 1958లో వచ్చిన నేరస్థుల ప్రొబేషను చట్టమునకు మూలము వెదకుచు పోయినచో, దారి ఆ బూట్ల దుకాణము కడకే చేరును. జీతము లేని మనుష్యుడు ముందు పని చేసి చూపెను. ప్రభుత్వము తరువాత వచ్చెను. ఈ వరుస ఈ చరిత్రలో మరల మరల కనుపించును.

ఇంతలో న్యూయార్కున వేరొక మార్గము తెరువబడెను. ఐరోపా నుండి ఓడలలో వచ్చి దిగిన వలస జనముతో ఆ నగరము క్రిక్కిరిసి, వేలాది పిల్లలు వీధుల పాలైరి. చార్లెస్ లోరింగ్ బ్రేస్ అను యువ మతబోధకుడు 1853లో పిల్లల సహాయ సంఘమును స్థాపించెను. పత్రికలమ్ముకొను కుఱ్ఱవాండ్రకు వసతిగృహము, పని నేర్పు బడులు మున్నగు మంచి పనులు అతడు పెక్కు చేసెను. కాని అతని పేరు నిలిచినది రైళ్ల వలన. నగరపు పిల్లలను రైళ్లలో పడమటి రాష్ట్రములకు పంపి, పల్లెలలోని రైతు కుటుంబములకు అప్పగించుట అతని ముఖ్యమైన ఏర్పాటు. 1854లో మొదలైన ఈ ప్రయాణములు 1929 వరకు సాగినవి. ఇతర సంస్థలు పంపినవారితో గూడ సుమారు 2 లక్షల మంది పిల్లలు ఇట్లు పోయిరని అంచనా.

రైలు ఒక ఊరిలో ఆగును. పిల్లలను దింపి, ముఖములు కడిగి, చర్చిలోనో నాటకశాలలోనో వరుసగా నిలబెట్టుదురు. ఊరివారు వచ్చి చూచి తమకు నచ్చిన బిడ్డను తీసికొనిపోవుదురు. పొలము పనికి పనికివచ్చునా యని బాలుర కండలు తడవి చూచిన రైతులును కలరు. అన్న ఒక ఇంటికిని, చెల్లెలు వేరొక ఇంటికిని పోయి, మరల జన్మలో కలిసికొననివారును కలరు. మంచి ఇండ్లు దొరకి, చదివి, పెద్ద పదవులందుకొన్నవారును లేకపోలేదు. అయినను మనస్సును కలచునది వేరు: వీనికి 'అనాథల రైళ్లు' అని పేరు వచ్చినది గాని, ఎక్కిన పిల్లలలో పెక్కుమంది అనాథలు కారు. తల్లియో తండ్రియో, ఒక్కొక్కచో ఇరువురును జీవించియే యుండిరి. వారి లోపము దారిద్ర్యము మాత్రమే.

బ్రేస్ దుర్మార్గుడు కాడు. పెద్ద పెద్ద అనాథశరణాలయములలో పిల్లలను వందల సంఖ్యలో కూరి పెంచుట తగదనియు, బిడ్డకు కుటుంబమే తగిన చోటనియు ఆనాడే నమ్మినవాడు. కాని బిడ్డ సొంత కుటుంబమును మాత్రము అతడు లెక్కలోనికి తీసికొనలేదు. పేదతల్లి ఒడి కంటె ఎరుగని రైతు ఇల్లే మేలని అతనికి తోచెను. దయ గల మనుష్యుని దృష్టికి సయితము పేదవాని ఇల్లు ఇల్లుగా కనుపింపకపోవుట వింత. వింత యనుచున్నాను గాని, ఇది నేటికిని పోయినదని చెప్పజాలను.

ఈ భావమునకు ఎదురుదెబ్బ తగులుటకు అర్ధశతాబ్ది పట్టినది. 1909 జనవరిలో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్టు తన భవనమునకు పిల్లల పోషణ విషయమున అనుభవము గలవారిని సుమారు 200 మందిని పిలిపించి సభ జరిపించెను. ఆ సభకు ప్రేరకుడైన జేమ్సు వెస్టు తాను స్వయముగ అనాథశరణాలయమున పెరిగినవాడు. కేవలము దారిద్ర్యమను కారణముచే బిడ్డను ఇంటి నుండి వేరుచేయరాదని సభ తేల్చెను. 1911లో ఇల్లినాయి రాష్ట్రము, బిడ్డలను ఇంటనుంచుకొని పెంచు పేదతల్లులకు ధనసహాయము చేయుటకు చట్టము చేసెను. 1920 నాటికి 40 రాష్ట్రములు ఆ బాట పట్టినవి. రైలు టిక్కెట్టుకు వ్యయపఱచు ధనమును తల్లి చేతికే ఇచ్చినచో ఏమి యని అడుగుటకు అంత కాలము పట్టెను.

ఈ రెండు కాలముల నడుమ వచ్చినదే పెద్దన్నల ఉద్యమము. దానికి ముందు 1899లో షికాగో నగరమున పిల్లలకు ప్రత్యేక న్యాయస్థానము ఏర్పడెను. ఆ దేశమున అదియే మొదటిది. బాలుని నేరమును విచారించుటతో ఊరుకొనక, వాని ఇంటి పరిస్థితులను గూడ తెలిసికొని, విడిచిన పిమ్మట కనిపెట్టి యుండుటకు ప్రొబేషను అధికారులను నియమింపవచ్చునని చట్టము పలికెను. కాని ప్రభుత్వ ధనము నుండి వారికి జీతమీయరాదని గూడ ఆ చట్టమే పలికెను! ఉద్యోగమును సృష్టించి జీతమును నిషేధించిన చట్టము నేను వేరొకటి చూడలేదు. చివరకు ఆ నగరపు మహిళాసంఘముల స్త్రీలు చందాలు పోగుచేసి ఆ జీతములు చెల్లించిరి.

1902లో న్యూయార్కునందును బాలల కోర్టు వెలసెను. అందు క్లర్కుగా నుండినవాడు ఎర్నెస్టు కౌల్టరు. పూర్వము పత్రికావిలేఖరి. ప్రతిదినము తన బల్ల ముందునుండి వరుసగా సాగిపోవు పిల్లలను అతడు చూచుచుండెను. ఒకని పేరు వ్రాసికొని, తేదీ వేసి, కాగితము ప్రక్కన పెట్టునంతలో మరియొకడు. కొలది నెలలకు మొదటివాడే మరల వచ్చును. కాగితములు పెరుగుచున్నవి గాని బాలుని స్థితి మారుట లేదు. దస్త్రములతో బ్రతుకు వెళ్లబుచ్చు మనబోంట్లకు ఆ దృశ్యమును వేరుగ వర్ణించి చెప్పనక్కరలేదు. ఆ వరుసను చూచి కౌల్టరు తెలిసికొన్నది స్వల్పమే: ఈ పిల్లలలో పెక్కురకు తమ విషయము పట్టించుకొను పెద్దదిక్కు ఒక్కటియు లేదు. తండ్రి లేడు, లేదా ఉన్నను లేనివానితో సమానము. తల్లి పగలంతయు పనిలో నుండును.

1904 డిసెంబరులో అతడు ఒక చర్చికి చెందిన పురుషుల సమాజమున ఉపన్యసించెను. చందా అడుగలేదు. ఒక్కొక్కరు ఒక్కొక్క బాలుని స్నేహితునిగా స్వీకరింపుడని అడిగెను. సుమారు 40 మంది అచటనే ఒప్పుకొనిరి. అంతకు కొలదికాలము ముందే, 1902 ప్రాంతమున, కాథలిక్ స్త్రీల సంఘమొకటి అదే కోర్టునకు వచ్చు బాలికలకు తోడు నిలుచు పని ప్రారంభించి యుండెను. అన్నల సంఘములు, అక్కల సంఘములు నగరము నుండి నగరమునకు వ్యాపించి, చాలకాలము వేరువేరుగా సాగి, 1977లో ఏకమైనవి. కౌల్టరు తన అనుభవమును 1913లో ఒక గ్రంథముగ వెలువరించెను.

పద్ధతి యేమన, ఒక పెద్దకు ఒక బిడ్డ. పదిమంది బాలురకు ఒకడు ఉపన్యాసమిచ్చుట కాదు. వారమునకొకసారియో, నెలకు రెండుమూడు సారులో కలిసికొని, నడచుట, ఆడుట, పుస్తకము చదువుట, ఊరక కూర్చుండి మాటలాడుట. డబ్బు ఇచ్చుట ముఖ్యము కాదు. కాలక్రమమున మరియొక నియమము గట్టిపడెను: తల్లియో తండ్రియో సమ్మతింపనిదే బిడ్డను ఏ అన్నకును జతచేయరాదు, జతచేసిన పిమ్మట సంస్థ ఉద్యోగి బిడ్డతోను, అన్నతోను, తల్లితోను వేరువేరుగ మాటలాడుచు కనిపెట్టి యుండవలెను. బ్రేస్ మరచిన తల్లి ఇచట తిరిగి కథలో ప్రవేశించినది. ఆమె సంతకము లేక పని జరుగదు.

ఇంతటితో అంతయు మంగళాంతమైనదని తలపరాదు. సదుద్దేశమునకు కలిగిన గొప్ప పరాభవమొకటి ఈ చరిత్రలో నున్నది. దానిని దాచినచో మిగిలినది ప్రచారమగును గాని చరిత్ర కాజాలదు.

హార్వర్డు విశ్వవిద్యాలయమున వైద్యాచార్యుడైన రిచర్డు కాబట్ గొప్ప మనస్సు గలవాడు. ఆసుపత్రులలో రోగుల ఇంటి కష్టసుఖములను విచారించు ఉద్యోగులను 1905లోనే ప్రవేశపెట్టినవాడు. స్నేహముతో బాలుని నడత మారునని నమ్మి, ఆ నమ్మకమును గట్టి పరీక్షకు పెట్టదలచెను. కేంబ్రిడ్జి, సోమర్‌విల్ అను జంట పట్టణములలో 506 మంది బాలురను, పోలికలు గల ఇరువురిరువురను జతలుగా నేర్పరచి, బొమ్మాబొరుసు వేసినట్లు, ప్రతి జతలో ఒకనికి మాత్రము తోడునిచ్చి రెండవవానిని మామూలుగ విడిచిరి. 253 మంది బాలుర ఇండ్లకు సలహాదారులు సగటున నెలకు రెండుసారులు పోయిరి. వైద్యము చేయించిరి, పాఠములు చెప్పించిరి, వేసవి శిబిరములకు పంపిరి. ఇది సగటున అయిదేండ్లు సాగి 1945లో ముగిసెను. కాబట్ పని ప్రారంభమైన 1939లోనే మరణించెను. ఇచటి సలహాదారులు జీతగాండ్రే గాని స్వచ్ఛందులు కారు. అయినను పని స్వభావము ఒక్కటే.

ముప్పదియేండ్ల తరువాత జోన్ మెకార్డు అను విదుషి ఆ బాలురను, అప్పటికి నడివయస్సు వారిని, ఒక్కొక్కరినిగా వెదకి పట్టుకొనెను. మూడింట రెండువంతుల మంది ఆ తోడు తమకు మేలు చేసినదనియే చెప్పిరి. కాని కోర్టుల దస్త్రములు, ఆసుపత్రుల దస్త్రములు, మరణముల పట్టికలు వేరుగ చెప్పినవి. తోడు పొందినవారు పొందనివారి కంటె మెరుగుగ లేరు. త్రాగుడు, మానసికవ్యాధి, అకాలమరణము వంటి కొన్ని విషయములలో వారి స్థితియే అధ్వాన్నము. ఆమె 1978లో ఈ ఫలితమును ప్రకటించినపుడు సేవారంగమువారు నివ్వెరపోయిరి.

కారణములను గూర్చి నేటికిని వాదములు కలవు. వేసవి శిబిరములలో అల్లరి బాలురందరును ఒకచోట చేరి ఒకరికొకరు గురువులైరని ఒక వివరణ. పరుల సహాయమునకు అలవాటుపడి, అది ఆగగానే కూలబడిరని మరియొకటి. యుద్ధము వచ్చి సలహాదారులు సైన్యమునకు పోవుటయు, ఒకరి స్థానమున మరియొకరు వచ్చుటయు, కొందరు బాలురను నడుమనే విడిచిపెట్టుటయు జరిగినవి. ఇందు ఏది ఎంతవరకు కారణమో నిర్ణయింపజాలను గాని, ఒక్కటి మాత్రము స్పష్టము: మనము మేలు తలచితిమనుటయు, మేలు పొందితినని వాడు కృతజ్ఞతతో పలుకుటయు, మేలు జరిగినదనుటకు సాక్ష్యము కాజాలవు.

పెద్దన్నల సంస్థ ఈ మాటకు వెరవక తన పనిని గూడ పరీక్షకు ఒప్పగించెను. ఎనిమిది నగరములలో 10 మొదలు 16 ఏండ్ల వయస్సు గల 959 మంది పిల్లలను ఏడాదిన్నర కాలము పరిశీలించి 1995లో ఫలితములు ప్రకటించిరి. అన్నయో అక్కయో దొరకిన పిల్లలు, ఇంకను ఎదురుచూచు పట్టికలో నున్న పిల్లల కంటె, మాదకద్రవ్యములకు అలవాటుపడుట 46 శాతము తక్కువ. కారణము లేక బడి ఎగవేయుట ఇంచుమించు సగము. ఇవి పెద్ద సంఖ్యలే. కాని నా దృష్టిని ఆకర్షించినది వేరొక విషయము. ఆ పిల్లలకు తమ తల్లిదండ్రులపై నమ్మకము పెరిగెను. జీన్ రోడ్సు మొదలగువారు 2000లో ఆ లెక్కలనే మరల శోధించి, చదువునందును నడతయందును కనుపించిన మేలులో కొంతభాగము తల్లిదండ్రులతో సంబంధము బాగుపడుట ద్వారానే వచ్చినదని తేల్చిరి. బయటివాడు వచ్చి బిడ్డను తల్లి నుండి తనవైపునకు లాగుకొనుననుట మనలో నున్న భయము. సరిగ జరిగినచో బిడ్డ ఇంటివైపునకే తిరుగునని ఈ లెక్క చెప్పుచున్నది.

'సరిగ' యనుటలో చిక్కంతయు నున్నది. 2002లో వెలువడిన మరియొక శోధన ప్రకారము, ఒక సంవత్సరము దాటి నిలిచిన జతలలోనే మేలు మిక్కుటము. మూడు నెలలలోపున తెగిపోయిన జతలలో బిడ్డ ఆత్మగౌరవము మునుపటి కంటె తగ్గెను. తండ్రి విడిచిన బిడ్డను అన్న గూడ విడిచినచో వాడేమనుకొనును? తప్పు తనదే యనుకొనును. మనవంటి బదిలీ ఉద్యోగులు ఈ వాక్యమును రెండుసారులు చదువదగును. ఢిల్లీకో, బొంబాయికో, కలకత్తాకో ఉత్తరువుల వెంట తిరుగు కుటుంబములలో తాత ఒక ఊర, మేనమామ ఒక ఊర నుందురు. ప్రక్క క్వార్టరులోని పెద్దమనిషియే పిల్లలకు తాతయై, మామయై నిలుచును. ఆయనకును ఒకనాడు ఉత్తరువు వచ్చును. ఎప్పుడు పోవలసి వచ్చునో బిడ్డకు ముందే చెప్పి, పోయిన పిమ్మట ఉత్తరములు వ్రాయు పెద్దలను నేనెరుగుదును. చెప్పక వెళ్లినవారిని గూడ ఎరుగుదును.

అమెరికా విషయమే చాల సేపు చెప్పితిని. ఆసియాలో ఈ పనిని మిక్కిలి విస్తారముగ చేసినది జపాను. అచట నేరము చేసిన బాలురను కనిపెట్టి యుండు పనిలో ఎక్కువ భాగము జీతము లేని గృహస్థులదే. వారిని 'హొగొషి' అందురు. 1950లో వీరి కొరకు ప్రత్యేక చట్టమే చేసిరి. వారి సంఖ్య 52,500కు మించరాదని అందు నియమము. వ్యాపారులు, పూజారులు, గృహిణులు, పింఛను పుచ్చుకొన్న ఉపాధ్యాయులు ఇందు చేరుదురు. బాలుని తమ ఇంటికే పిలిచి టీ యిచ్చి మాటలాడుదురు. వాని ఇంటికి తాము పోయి తల్లిదండ్రులతో మాటలాడుదురు. కచ్చేరి గది, బల్ల, ఎదురుకుర్చీ లేకపోవుట ఇందలి విశేషము. యుద్ధానంతరము 1947లో కియోటో నగరపు విద్యార్థులు అన్నల, అక్కల ఉద్యమమును గూడ స్థాపించిరి.

మన దేశమున చట్టము నడచిన దారి అమెరికా దారి వంటిదే. 1850 నాటి అప్రెంటిసుల చట్టము దిక్కులేని, పేద పిల్లలను 10 ఏండ్లు నిండగనే పనినేర్చుకొనుటకు యజమానులకు ఒప్పగించు వీలు కల్పించెను. 1876, 1897 సంవత్సరముల చట్టములు సంస్కరణ పాఠశాలలను నెలకొల్పెను. బాలుని జైలు నుండి తప్పించినవి గాని ఇంటికి చేర్చలేదు. పిల్లల కొరకు ప్రత్యేకముగ సమగ్రమైన చట్టము చేసిన గౌరవము 1920లో మద్రాసు రాష్ట్రమునకు దక్కినది; ఆంధ్ర జిల్లాలు నాడు అందులోనివే. బిడ్డను బంధువునకో 'తగిన వ్యక్తి'కో అప్పగింపవచ్చునను భావము అప్పటి నుండి మన చట్టములలో నున్నది. 1922లో బెంగాలు, 1924లో బొంబాయి అనుసరించినవి. కేంద్రపాలిత ప్రాంతములకు 1960లోను, దేశమంతటికి 1986లోను చట్టములు వచ్చినవి. 2015 నాటి బాలల న్యాయచట్టము, బిడ్డను పెంచు బాధ్యత మొదట కుటుంబముదే యనియు, సంస్థలో నుంచుట చివరి ఉపాయమనియు స్పష్టముగ చెప్పెను. బిడ్డను ఇంటనే ఉంచి కుటుంబమునకు ధనసహాయము చేయు ఏర్పాటును గూడ చేసెను. 2022 నాటి మార్గదర్శకముల ప్రకారము అది నెలకు 4,000 రూపాయలు. ఇల్లినాయి తల్లులకు 1911లో దొరకినది మన తల్లులకు చేరుట ఎంత ఆలస్యమైనదో పాఠకులే లెక్కించుకొందురు గాక.

డబ్బు చట్టము ఈయగలదు. అన్నయ్యను ఈయజాలదు. ఈ రెండవ విషయమున తెలుగునాట పూర్వము ఏమియు లేకపోలేదు. 'వారములు' చేసికొని చదివిన వారి కథలు మన తాతల తరములో ప్రతి యింట వినవచ్చెడివి. పేదబాలుడు పట్టణమున చదువుకొనుటకు వచ్చి, ఆదివారము ఒక ఇంట, సోమవారము ఒక ఇంట, ఇట్లు ఏడు ఇండ్లలో భుజించెడివాడు. ఏ ఇంటిపైనను బరువెక్కువ పడదు. బాలుడు తన తల్లిదండ్రుల బిడ్డగనే యుండును. సెలవులకు సొంత ఊరికి పోవును. ఏర్పాటులో తెలివి యున్నది. కాని ఇది చాలవరకు బ్రాహ్మణబాలుర కొరకే నడచినది. తక్కిన కులముల పేదపిల్లలకు ఆ ఏడు తలుపులు తెరచుకొనలేదు. పెట్టిన ఇండ్లలోను కొన్నింట అన్నముతోపాటు ఈసడింపును వడ్డించిరని తిన్నవారు చెప్పగా వింటిమి.

'అన్నయ్య', 'అక్కయ్య' అను పిలుపులను నోటి మర్యాద స్థాయి నుండి ఒక వ్రతముగ మార్చినవారు న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు. మద్రాసు రేడియో కేంద్రము నుండి తెలుగు పిల్లల కార్యక్రమములు నడపి, వారు తెలుగుదేశమంతటికి 'రేడియో అన్నయ్య', 'రేడియో అక్కయ్య' యైరి. 1940లో ఆంధ్ర బాలానంద సంఘమును స్థాపించిరి. 1945లో 'బాల' పత్రికను ప్రారంభించిరి. 1956లో హైదరాబాదునకు తరలి అచట తమ పనిని కొనసాగించిరి. ఊరూర పెద్దలు పూనుకొని పిల్లల సంఘములు పెట్టిరి. ఇవి కోర్టు మెట్లెక్కిన పిల్లల కొరకు పుట్టినవి కావు. పాట, ఆట, నాటిక వారి సాధనములు. వారి శ్రోతలలో తల్లులును ఉండెడివారు. బిడ్డ పాడునపుడు తల్లి ప్రక్కనే కూర్చుండి వినుట ఆ కార్యక్రమముల వలన ఎన్ని ఇండ్లలో అలవాటైనదో! న్యూయార్కు అన్నలు ఒక్కొక్కరికి ఒక్కొక్క తమ్ముడు. మన రేడియో అన్నయ్యకు లక్షలాది తమ్ములు. అది లోతు, ఇది విస్తారము. ఒకదాని పని రెండవది చేయలేదు.

లోతు గల తోడునకు మన చరిత్రలో సాటిలేని ఉదాహరణమొకటి కలదు. దానికి సంస్థ లేదు, నియమావళి లేదు. 1872లో వినోదరాయునిపాలెమున జన్మించిన టంగుటూరి ప్రకాశం చిన్నతనముననే తండ్రిని గోలుపోయెను. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలు చేరి, పూటకూళ్ల ఇల్లు నడిపి, ఆ వచ్చుబడితో బిడ్డలను పోషించిరి. ఆ కాలమున పూటకూళ్ల వృత్తిని లోకము ఎట్లు చూచెడిదో పెద్దలకు తెలియును. బాలుడు చురుకైనవాడు, అల్లరివాడు. కట్టడి చేయుటకు తండ్రి లేడు. తల్లికి పొయ్యి ముందు నుండి కదలుటకు తీరిక లేదు. కౌల్టరు బల్ల ముందునుండి సాగిపోయిన పిల్లల స్థితికిని ఈ స్థితికిని ఎంత దూరము?

ఆ బాలునిపై ఒంగోలు మిషను పాఠశాల ఉపాధ్యాయుడు ఇమ్మనేని హనుమంతరావు నాయుడుగారి దృష్టి పడెను. చుట్టరికము లేదు, కులము ఒక్కటి కాదు. నాయుడుగారు అతనిని చదివించిరి. తమతో నాటకములలో వేషములు కట్టించిరి. తాము రాజమహేంద్రవరమునకు పోవునపుడు వెంటబెట్టుకొని పోయిరి. పిమ్మట న్యాయవాద పరీక్షకు చదువుటకు మద్రాసు పంపిరి. మూడు నెలలు కాదు, ఒక సంవత్సరము కాదు. బాల్యము నుండి వృత్తిలో నిలద్రొక్కుకొనువరకు ఆ చేయి విడువలేదు. ప్రకాశం సుబ్బమ్మగారి కుమారుడుగనే యుండెను. నాయుడుగారి బిడ్డడని ఎవ్వరును అనలేదు. ఆ విద్యార్థి 1946లో మద్రాసు రాష్ట్ర ప్రధానియై, 1953లో ఆంధ్రరాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రి యయ్యెను. ఒంగోలు బడిపంతులు పేరు నేడు మనకు తెలియుటకు ముఖ్యకారణము, ఆ శిష్యుడు 'నా జీవితయాత్ర'లో ఆయనను గూర్చి వ్రాసికొనుటయే.